కొత్త సార్, పాత సార్ ఓటీపీ

ఈరోజు సోమవారం, అంటే గ్రీవెన్స్, జనం అర్జీలు తీసుకునే రోజు. అనంతపురంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో, అదీ ఔట్‌సోర్సింగ్‌లో, కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేసేవాడికి వారంలో మిగతా రోజులన్నీ ఒక లెక్క, సోమవారం ఒక లెక్క. సప్తగిరి సర్కిల్ దగ్గర ఉగ్గాని బజ్జీ తిని ఆఫీసుకు చేరేసరికే వరండా నిండా జనం, లోపల కొత్త సార్.

కొత్త సార్ అంటే పోయిన వారం చేరినాయన. మంచాయన. ఫైలు పట్టుకుంటే మొదటి కాగితం నుంచి చివరిదాకా చదువుతాడు, రెవెన్యూ సెక్షన్లు నోటికొచ్చు, అర్జీ ఇచ్చే ముసలాయన్ను కూర్చోబెట్టి మాట్లాడతాడు. కంప్యూటర్ మాత్రం ముట్టుకోడు. సిస్టమ్ ఆయన టేబుల్ మీదే ఉంటుంది, దాని కీబోర్డ్ మీద ఫైళ్ళు ఉంటాయి.

పాత సార్ కూడా మొదట్లో ఇంతే. మెయిల్ వస్తే ప్రింట్ తీసిమ్మనేవాడు, దాని మీద పెన్నుతో రిమార్కు రాసేవాడు, నేను దాన్ని స్కాన్ చేసి మళ్ళీ అప్‌లోడ్ చేసేవాణ్ణి. ఈ-ఆఫీస్ వచ్చింది కాగితం తగ్గించడానికి, మా దగ్గర మాత్రం ఒక్కో కాగితం రెండుసార్లు పుట్టేది. తర్వాత తర్వాత ఆయనకే చిరాకేసి నేర్చుకున్నాడు. ఏ అర్జీ ఎవరి లాగిన్‌లో ఆగిందో తానే తెరిచి చూసి, నేరుగా వాళ్ళకే ఫోన్ చేసేదాకా వచ్చాడు. అంతలో బదిలీ.

ఆయన పోయాడు గానీ ఆయన ఫోన్ నంబరు మా లాగిన్‌లోనే ఉండిపోయింది. మార్చమని లెటర్ పెట్టాం, అది ఎక్కడో కదులుతా ఉంది. కాబట్టి పొద్దున లాగిన్ కొట్టగానే ఓటీపీ ఇంకో జిల్లాలో మీటింగ్‌లో కూర్చున్న పాత సార్ జేబులోకి పోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాట్సాప్‌లో బతిమాలితే కాసేపటికి నంబరు పంపాడు, అప్పటికి టైమ్ అయిపోయింది. మళ్ళీ కొట్టు, మళ్ళీ బతిమాలు. లైన్లో ఉన్నోళ్ళు "సర్వర్ లేదా?" అని అడుగుతున్నారు. సర్వర్ నిక్షేపంలా ఉంది, దాని తలుపు తీసే మనిషే లేడు. ఆ మాట చెప్తే ఇంకో గొడవ అని, లేదమ్మా కాసేపు ఆగండి అన్నాను.

వాళ్ళలో గార్లదిన్నె వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవర్ తీసి టేబుల్ మీద పరిచాడు. అర్జీల పోర్టల్‌కు 'మీకోసం' అని పేరున్న రోజుల నాటి రసీదు ఉంది. 2019లో వచ్చిన స్పందనది ఉంది. 2023 నాటి జగనన్నకు చెబుదాం ఉంది. ఇప్పటి ప్రజా సమస్యల పరిష్కార వేదికది కూడా ఉంది. కాల్ సెంటర్ నంబరు కూడా 1100 పోయి 1902 వచ్చి, మళ్ళీ 1100 అయింది. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, కొత్త స్క్రీన్ వస్తుంది, మాకు కొత్తగా ట్రైనింగ్ ఇస్తారు, పెద్దాయన మళ్ళీ మొదటి నుంచి అర్జీ రాసుకుంటాడు. ఆయన సమస్య ఏందంటే ఆధార్‌లో పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒకటి, భూమి రికార్డులుండే వెబ్‌ల్యాండ్‌లో ఇంకొకటి. ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం ఏ అధికారి లాగిన్‌లో సరిచేయాలో పాత సార్‌కు తెలుసు, నాకు తెలుసు. కొత్త సార్‌కు తెలియాలంటే ఎవరైనా చెప్పాలి, చెప్పే బాధ్యత కాగితం మీద ఎవరిదీ కాదు. ఛార్జి అప్పగించేటప్పుడు బీరువా తాళాలు, క్యాష్ బుక్ లెక్కపెట్టి సంతకం పెట్టించుకుంటారు. ఏ పోర్టల్‌లో ఏం పెండింగ్ ఉంది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, ఇవి ఎవరూ అడగరు.

మధ్యాహ్నం టీ దగ్గర మా సీనియర్ అసిస్టెంట్ పాత రోజులు ఎత్తుకున్నాడు. రిటైర్‌మెంట్ దగ్గర్లో ఉన్న మనిషి, రెమింగ్టన్ మిషన్ మీద టైపు నేర్చుకున్నాడు. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కార్డ్ అని కంప్యూటర్లు పెట్టినప్పుడు దేశమంతా వచ్చి మన రాష్ట్రాన్ని చూసి పోయిందంటాడు. తర్వాత 2001లో ఈసేవ, 2011లో మీసేవ, 2015లో మీభూమి, 2025 జనవరిలో వాట్సాప్‌లోనే సేవలిచ్చే మన మిత్ర. "జనం వాట్సాప్‌లో అప్లై చేస్తాండారు, మనం ప్రింట్ తీసి సంతకం పెడతాండాం" అని నవ్వాడు. అట్లా నవ్వే ఈయన కూడా ఇప్పటికీ లెటర్లు అను ఫాంట్లలోనే కొడతాడు. ఆ ఫాంట్లు లేని అవతల ఆఫీసులో తెరిస్తే అక్షరాలు కాదు, ముగ్గులు కనిపిస్తాయి. ఆయన పంపినవన్నీ యూనికోడ్‌లోకి మార్చి పంపేది నేనే.

సార్లకు కంప్యూటర్ రాదని మా ఆపరేటర్లు నవ్వుకుంటారు. నాకు అందులో నవ్వేదేమీ కనపడదు. యాభై దాటిన మనిషి నేర్చుకోలేడని కాదు, పాత సార్ నేర్చుకున్నాడు కదా. నేర్చుకున్నోణ్ణి ఉంచరు, వచ్చినోడికి నేర్చుకునే అవసరం పడనీయరు, ఎందుకంటే పక్కన నాలాంటివాడు ఉంటాడు. తక్కువ జీతానికి, ఏడాదికోసారి రెన్యువల్ అయ్యే ఉద్యోగంలో ఉన్న నా తలలో ఈ ఆఫీసు మొత్తం ఉంది. నాకు జ్వరమొస్తే సర్టిఫికెట్లు ఆగుతాయి. ఇది గొప్పగా చెప్పుకునేది కాదు, భయపడాల్సిన సంగతి.

సాయంత్రం బెంగళూరు నుంచి బావమరిది ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. వాడు సాఫ్ట్‌వేర్. "మన దగ్గరే కాదు బావా" అని మొదలుపెట్టాడు. జపాన్‌లో సైబర్ సెక్యూరిటీ చూసే మంత్రి సకురాదా 2018లో పార్లమెంటులో, తాను కంప్యూటర్ వాడనని, పాతికేళ్ళ వయసు నుంచీ ఆ పని సిబ్బందితోనే చేయించుకుంటున్నానని ఒప్పుకున్నాడట. అమెరికాలో 2009లో మన ఢిల్లీలో పుట్టిన వివేక్ కుంద్రాను ఫెడరల్ ప్రభుత్వానికి తొలి సీఐఓగా, అంటే కంప్యూటర్ వ్యవస్థలన్నీ చూసే పెద్దగా పెడితే రెండున్నరేళ్ళు నిండకుండానే వెళ్ళిపోయాడు, ఆ తర్వాత 2025 జనవరి దాకా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరూ నాలుగేళ్ళు నిండా లేరు. సరేరా, వాళ్ళకూ ఉంటే మనకు మంచిదా అన్నాను. మన సుప్రీంకోర్టే 2013లో టీఎస్ఆర్ సుబ్రమణియన్ కేసులో అధికారులకు కనీస పదవీకాలం ఉండాలని చెప్పింది, 2014లో ఐఏఎస్‌లకు రెండేళ్ళని రూల్ కూడా వచ్చింది. ముందే కదిలించాలంటే సివిల్ సర్వీసెస్ బోర్డు సిఫార్సు కావాలి. మా స్థాయి సార్లకు ఆ గొడవే లేదు, బదిలీల జీవో రావడం ఆలస్యం, మూటాముల్లె సర్దుకోవడమే.

అన్నట్టు మధ్యాహ్నం ఇంకోటి జరిగింది. కొత్త సార్ పేరు మీద డిజిటల్ సంతకం డాంగిల్, పెన్‌డ్రైవ్ లాంటిది, కొరియర్‌లో వచ్చింది. పిన్ పెట్టాలి సార్ అంటే, "నువ్వే ఏదో ఒకటి పెట్టేయప్పా, నీకు గుర్తుండేది" అని డాంగిల్ నా చేతికే ఇచ్చాడు. ఇక్కడ ఎవరైనా చేసేది అదే. నేను పెట్టనన్నాను. దీంతో ఏ సర్టిఫికెట్ బయటికి పోయినా పేరు మీది సార్, రేపు కోర్టుకు పోయినా మీరే పోవాల అని చెప్పాను. కాసేపు నా మొహం చూసి, కోపమొచ్చిందేమో అనుకుంటుండగానే కీబోర్డ్ మీది ఫైళ్ళు తీసి పక్కన పెట్టి, ఒక్క వేలితో వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టాడు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. మధ్యలో క్యాప్స్ లాక్ పడి రెండో గడిలో కొట్టింది మొదటిదానితో కలవలేదు, మళ్ళీ కొట్టాడు. అయిపోయాక డాంగిల్ పీకి చొక్కా జేబులో వేసుకొని, "రేపట్నుంచి పొద్దున ఒక అరగంట నాకు చెప్పు, ఆ పెద్దాయన అక్షరం మనమే సరిచేస్తామా లేక పైకి పంపల్నా అదీ చూపించు" అన్నాడు. చూపిస్తా సార్ అన్నాను. పాత సార్ ఓటీపీ పంపితే.