వేళ్లొచ్చాయి, మొక్క రాలేదు

మా ఇంట్లో ఉన్న పెద్ద క్రోటన్‌కి అందరూ పెట్టిన పేరు కొబ్బరిచెట్టు. తొమ్మిదేళ్ల కిందట జానెడు మొక్కగా వచ్చినప్పుడు కుండీ అంచు దగ్గర్నుంచీ ఆకులే ఉండేవి. ఏళ్లు గడిచేకొద్దీ కింది ఆకులు ఒక్కొక్కటే రాలిపోయి చివరికి నాలుగడుగుల బోడి కాండం, దాని కొసన నాలుగైదు రెమ్మల గుబురు మిగిలాయి. ఆ గుబురు మాత్రం చూసి తీరాలి. లేత ఆకు పచ్చటి ఒంటి మీద పసుపు ఈనెలతో పుడుతుంది. కొన్ని వారాలకు ఈనెలు నారింజకు తిరుగుతాయి, ఆ తర్వాత ఎరుపు, బాగా ముదిరాక ఇంచుమించు నలుపు. పైనుంచి కిందికి ఒక్క రెమ్మ చూస్తే చాలు, ఆకు పుట్టుక నుంచి ముసలితనం దాకా వరసగా కనిపిస్తుంది.

దీని కొసలు కత్తిరిస్తే మొక్క కింద గుబురుగా వస్తుంది, కత్తిరించిన ముక్కలు పాతితే కొత్త మొక్కలూ అవుతాయి. చదవడానికి ఒక్క వాక్యం. నాకు ఏడాది పైనే పట్టింది.

మొదటి కోత కోసిన రోజు నేర్చుకున్నది పాల గురించి. క్రోటన్ ఆముదం కుటుంబంలోది. కర్రపెండలం, రబ్బరు చెట్టు కూడా ఆ కుటుంబమే. తుంచితే చాలు, పలచటి పాలు బొట్లు బొట్లుగా కారతాయి. చూడటానికి నీళ్లలాగే ఉందిలే అని చున్నీకి తుడిచేశాను. ఆరాక గోధుమరంగు మరకైంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు, ఇప్పుడది మొక్కల పనికే కేటాయించిన చున్నీ. మణికట్టు మీద పడ్డచోట సాయంత్రానికి దురద, ఎర్రటి చారలు. అప్పట్నుంచి చేతికి తొడుగులు లేకుండా కత్తెర పట్టుకోలేదు. ఆకు నమిలితే నోరు మండుతుంది, వాంతులవుతాయి. అందుకే ఇంట్లో పసిపిల్లలో, ఆకులు కొరికే కుక్కో పిల్లో ఉంటే కుండీ అందని చోట పెట్టుకోవాల్సిందే.

ఆ రోజు కోసిన మూడు కొసల్ని గ్లాసు నీళ్లలో పెట్టి కిటికీలో ఉంచాను. అందానికి ఆకులన్నీ అలాగే ఉంచాను కూడా. రాత్రిళ్లు చలి 15 డిగ్రీల కిందికి దిగుతున్న రోజులవి. వారంలో ఆకులు వడలి రాలాయి. పదో రోజుకి నీళ్లు వాసనొచ్చాయి, కాడల అడుగు చేతివేళ్లతో నొక్కితే జారిపోయేంత మెత్తబడింది. నీళ్లలో వేళ్లు రావని కాదు, కొందరికి వస్తాయి. కానీ నీళ్లు తరచూ మార్చాలి, వెచ్చగా ఉండాలి. నేను రెండూ చెయ్యలేదు. క్రోటన్ పుట్టిల్లు ఇండోనేషియాలోని మలుకు దీవులు, న్యూగినీ, ఆ చుట్టుపక్కల ఉండే వేడి, తేమ నేలలు. చలిలో దాన్ని వేళ్లు వెయ్యమనడం మనల్ని వణుకుతూ పాట పాడమనడం లాంటిది.

ఎండలు ముదిరాక రెండోసారి. ఈసారి పక్కనే ఉన్న మరో క్రోటన్ నుంచి, సన్నటి ఆకులు మెలికలు తిరిగి ఉండేదాన్నుంచి, అయిదు ముక్కలు తీశాను. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఇసుక చెరిసగం కలిపాను, వేళ్లు రావడానికి వాడే హార్మోను పొడి అద్దాను. అన్నీ బాగానే చేశాను, ఒక్కటి తప్ప. రెండు రోజులకోసారి ముక్కను పైకి తీసి అడుగు చూసి మళ్లీ గుచ్చేదాన్ని.

మా అత్తయ్య వరండాలో కూర్చుని ఇదంతా చూస్తూనే ఉన్నారు. మూడోసారో నాలుగోసారో ఇక ఉండబట్టలేక, "అమ్మాయ్, నిన్ను గంటకోసారి తట్టి లేపి నిద్రపట్టిందా అని అడిగితే నిద్రపడుతుందా?" అన్నారు.

నవ్వుకున్నాను గానీ మానలేదు. పద్దెనిమిదో రోజున ఒక ముక్క తీస్తే కోసిన అంచు చుట్టూ తెల్లగా, గరుగ్గా, నూకలు అంటించినట్టు చిన్న చిన్న ఉబ్బులు. వేరు రాబోయే ముందు గాయం మానుతూ కట్టే కండ అది. సంబరంగా అందరికీ చూపించి తిరిగి అదే గుంటలో గుచ్చాను. ఇసుక రాపిడికి ఆ నూకలు సగం ఊడిపోయాయి. తర్వాతి వారం ఆ ముక్క నల్లబడింది. మిగిలిన నాలుగూ ఒకదాని వెనక ఒకటి అదే దారి పట్టాయి.

ఆ ట్రేలో బతికింది ఒక్కటే, అది ముక్క కూడా కాదు. కొబ్బరిచెట్టు నుంచి రాలిన ఒక ఆకును ఊరికే ఓ మూల గుచ్చాను. దాన్నెవరూ పట్టించుకోలేదు, నేను కూడా పీకి చూడలేదు. నెలన్నర తర్వాత ట్రే ఖాళీ చేద్దామని ఆ ఆకు పట్టుకు లాగితే రాలేదు. చుట్టూ తవ్వితే తొడిమ అడుగున గుప్పెడు తెల్లటి వేళ్లు! ఒక ఆకు నుంచి ఒక చెట్టు అని ఇల్లంతా చాటాను. దానికి విడిగా కుండీ, మంచి మట్టి, వెలుగొచ్చే చోటు అన్నీ అమిరాయి. మూడు నెలలైంది, ఆరు నెలలైంది. ఆకు నిగనిగలాడుతూనే ఉంది. చిగురు లేదు.

కారణం తెలిశాక నా మీద నాకే నవ్వొచ్చింది. కొత్త కొమ్మ పుట్టాలంటే మొగ్గ ఉండాలి. ఆ మొగ్గ ఆకులో ఉండదు, తొడిమ కాండాన్ని తాకే సందులో, కాండం వైపు ఉంటుంది. ఆకు రాలినప్పుడు మొగ్గ చెట్టు దగ్గరే ఉండిపోతుంది. క్రోటన్ ఆకు వేళ్లయితే వెయ్యగలదు గానీ కాండాన్ని మొలిపించలేదు. ఎన్నేళ్లున్నా అది వేళ్లున్న ఆకే. ఆకుతోనే ప్రయత్నించాలనుకునేవాళ్లు తొడిమ దగ్గర కణుపుతో సహా కాస్త కాండం ముక్క ఉండేలా కోసుకోవాలి.

వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక మూడోసారి కూర్చున్నాను. ఈసారి ఎలా చేశానో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇదే కుదిరింది. మరీ లేతగా వంగిపోయేది కాకుండా, బాగా ముదిరి కట్టెలా అయిందీ కాకుండా, పెన్సిల్ మందం ఉన్న కొసలు ఆరు ఎంచుకున్నాను. కత్తెరను స్పిరిట్‌తో తుడిచి, అయిదారు అంగుళాల పొడవున, కణుపుకు కొద్దిగా కింద ఏటవాలుగా కోశాను. కోసిన వెంటనే నీళ్లలో ముంచి పాలు కారడం ఆగేదాకా ఉంచాను. కింది ఆకులు తీసేసి పైన మూడు నాలుగే ఉంచాను. అవి పెద్ద ఆకులు కాబట్టి ఒక్కోదాన్ని అడ్డంగా సగానికి కత్తిరించాను. చేతులాడలేదు ఆ పని చెయ్యడానికి. కానీ వేళ్లు లేని ముక్కకు నీళ్లు తాగే దారి సరిగా లేదు, ఆకుల్లోంచి నీళ్లు పోయే దారి మాత్రం బార్లా తెరిచి ఉంది. మొదటిసారి ముక్కల్ని చంపినవాటిలో అదీ ఒకటి.

హార్మోను పొడిలో నేరుగా ముంచకుండా, కాస్త కాగితం మీద వేసుకుని అద్ది దులిపాను. ముక్కను గుచ్చితే పొడి రాలిపోతుంది కనుక ముందే పుల్లతో గుంట చేసి, ముక్కను దింపి చుట్టూ నొక్కాను. ట్రే మొత్తం పలచటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఎండ నేరుగా పడని, వెలుతురున్న చోట ఉంచాను. రోజూ ఒకసారి సంచి మూతి విప్పి కాసేపు గాలి ఆడనివ్వడం తప్ప ఇంకేం చెయ్యలేదు. చెయ్యకుండా నన్ను ఆపింది అత్తయ్య. ట్రేని ఆవిడ కుర్చీ పక్కన పెట్టించుకున్నారు.

అయిదో వారంలో ఒకదాని కొసన సూదిమొనంత చిగురు కదిలింది. ఆరింట్లో నాలుగు నిలిచాయి.

ఆ కాలంలోనే కొబ్బరిచెట్టు మెడ సంగతి చూశాను. లావు కాండానికి గాలి అంటు, అంటే కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేళ్లు పుట్టించడం, నయం, ఎందుకంటే వేళ్లొచ్చేదాకా అది తల్లి నీళ్లే తాగుతుంది. గుబురుకు జానెడు కింద, అంగుళం వెడల్పున బెరడును ఉంగరంలా ఒలవాలి. మొదటిసారి ఒలిచి నాచు కట్టి ఊరుకున్నాను. రెండు నెలలకు విప్పి చూస్తే వేరు లేదు సరికదా, గాయం మీద బెరడు వంతెనలా మళ్లీ కలిసిపోయింది. బెరడు తీశాక కట్టె మీద జారుడుగా, పచ్చగా ఒక పలచటి పొర మిగులుతుంది. దాన్ని కత్తి వీపుతో గీకెయ్యకపోతే చెట్టు తన గాయాన్ని తనే పూడ్చుకుంటుంది. ఆ పొర పోతేనే ఆకులు తయారుచేసిన ఆహారం కిందికి దిగలేక ఆ అంచున ఆగుతుంది, ఆగినచోట వేరు పుడుతుంది.

రెండోసారి కట్టె పొడిపొడిగా తగిలేదాకా గీకాను. తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచు (తేమను పట్టి ఉంచే రకం) గుప్పెడు చుట్టి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కప్పి, పైనా కిందా తాడుతో బిగించాను. వెలుతురు తగలకుండా దాని మీద నల్లగుడ్డ. ఇది నాలాంటివాళ్ల కోసమే కనిపెట్టినట్టుంది. గుడ్డ ఎత్తి చూసుకోవచ్చు, లోపల దేన్నీ కదపక్కర్లేదు! నాలుగో వారంలో ప్లాస్టిక్‌కి లోపలివైపు ముక్కు ఆనించినట్టు ఒక తెల్లటి వేరు కనబడింది. ఇంకా ఆగాను. ఎనిమిదో వారానికి నాచంతా వేళ్లతో అల్లుకుపోయాక ఉండకు కిందుగా కోసి, నాచు విప్పకుండానే కుండీలో పెట్టాను.

ఇక్కడో ముచ్చట. మనం క్రోటన్ అంటున్నది శాస్త్రం ప్రకారం క్రోటన్ కాదు. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ దీన్ని 1753లో క్రోటన్ ప్రజాతిలో చేర్చాడు. క్రోటన్ అంటే గ్రీకులో గోమారి, ఆముదం గింజ గోమారిలా ఉంటుందని గ్రీకులు ఆముదానికి ఆ పేరు పెట్టారు. తర్వాత మన మొక్కను వేరుచేసి కోడియేయం అన్నారు. ఆ పేరు ఇండోనేషియాలోని అంబాన్ దీవిలో ఉండి అక్కడి మొక్కల గురించి రాసిన రంఫియస్ అనే ఆయన పుస్తకం నుంచి వచ్చింది. ఆయనకు 1670లోనే చూపు పోయింది. పుస్తకం అచ్చవడం మొదలైంది 1741లో, ఆయన పోయిన చాలా ఏళ్లకు. కళ్లముందు ఉన్న ముక్కను పీకకుండా ఉండలేని నేను ఈ సంగతి చదివి కాసేపు ఊరుకుండిపోయాను.

కొత్త మొక్కలతో కొత్త తలనొప్పులు. నాలుగు పిల్లల్నీ నీడలోనే ఉంచితే వచ్చిన ఆకులన్నీ ఒట్టి పచ్చ. మొక్క మారిపోయిందేమో అని కంగారుపడ్డాను. రంగు వెలుతురును బట్టే. ఒకేసారి ఎండలో పెడితే ఆకులు మాడతాయి కనుక పొద్దుటి ఎండలోకి వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా జరిపాను. చోటు మారిందని అలిగి రెండు మొక్కలు ఆకులు రాల్చాయి. అప్పుడు కంగారులో నీళ్లు ఎక్కువ పొయ్యకూడదు. పైమట్టి ఆరాకే పోస్తూ వదిలేస్తే మళ్లీ వేసుకున్నాయి.

చలికాలం ఇంట్లోకి తెచ్చినప్పుడు ఎర్రనల్లి పట్టింది. ఆకు మీద రంగు వెలిసి సన్నటి చుక్కలు, వెనక్కి తిప్పితే దుమ్ములాంటిది, దుమ్ము కదులుతోంది! పొడిగాలి దానికి పండగ. కుండీని స్నానాలగదిలో పెట్టి ఆకుల అడుగులన్నీ నీళ్లతో జోరుగా కడిగాను. సాయంత్రం వేపనూనె, కాస్త సబ్బు కలిపిన నీళ్లు కొట్టాను. అలా వారానికోసారి, నాలుగు వారాలు.

కొబ్బరిచెట్టుకు ఇప్పుడా పేరు నప్పడం లేదు. తల తెగిన మోడు కింద మూడు చోట్ల బోడి కాండంలోంచి మొగ్గలు లేచి పక్కలకు కొమ్మలయ్యాయి. కోసిన తల వేరే కుండీలో నిలదొక్కుకుంది. మెలికల క్రోటన్ ఒకటి పూతకొచ్చి మూడు గదుల కాయ కాసింది. గింజలు నాటితే రెండు మొలిచాయి, రెండూ తల్లిని పోలలేదు. ఒకదాని ఆకు వెడల్పు, రెండోది ఇంకా ఏ రంగో తేల్చుకోలేదు.

మొన్న ఆ మొలకకు కుండీ కావాల్సి వచ్చింది. పద్నాలుగు నెలలుగా చిగురు వెయ్యని ఒంటి ఆకు కుండీ గుర్తొచ్చింది. తీసేద్దామని వెళ్లాను. మట్టి తడిగా ఉంది, అత్తయ్య అప్పుడే నీళ్లు పోసినట్టున్నారు. వేరే కుండీ వెతుక్కున్నాను.