డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్: ముక్కలుగా వినకండి

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 1973 మార్చిలో తెచ్చిన ఈ ఆల్బమ్ సుమారు 43 నిమిషాలు. కాలం, చావు, డబ్బు, మతి తప్పడం వరసగా వస్తాయి. పాటల్లో పదాలన్నీ బ్యాండ్‌లోని రోజర్ వాటర్స్‌వే. షఫుల్‌లో, అంటే పాటల్ని కలగాపులగంగా వింటే ఆ వరసే పోతుంది.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది 'మనీ' పాట మొదలు. చిల్లర గలగల, కాగితం చింపే చప్పుడు, గల్లాపెట్టె మోత. ఒక్కో శబ్దాన్ని టేపు మీదికెక్కించి, స్కేలుతో కొలిచి, సమానంగా కోసి, ఏడు ముక్కలు అతికించి చుట్టగా తిప్పారు. పొడవులో కాస్త తేడా వచ్చినా తాళం తప్పుతుంది. పాట నడక కూడా ఏడు లెక్కలే. మన కర్ణాటక సంగీతంలో ఏడు లెక్కల తాళం మిశ్ర చాపు తెలిసిన చెవికి ఇట్టే అందుతుంది. డిక్ ప్యారీ శాక్సఫోన్ ఏడులోనే సాగుతుంది, బ్యాండ్ గిటారిస్టు గిల్మోర్ సోలో రాగానే నాలుగులోకి మారుతుంది. ఆ మలుపు కోసమైనా లెక్కపెడుతూ వినండి.

ఫోన్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసేది) ఆపి, గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా వినిపించేది) పెట్టుకోండి. ఎంపీ3 తయారయ్యేటప్పుడు ట్రాక్ అంచుల్లో చిటికెడు నిశ్శబ్దం చేరుతుంది. 'బ్రెయిన్ డ్యామేజ్' నుంచి 'ఎక్లిప్స్'లోకి వెళ్ళేచోట అది తెగినట్టు వినిపిస్తుంది. శబ్దంలో ఏదీ పోగొట్టకుండా దాచే ఫ్లాక్ ఫైళ్ళతో ఆ బాధ లేదు. ఆల్బమ్ మొదట్లో వచ్చే గుండె చప్పుడు వినపడలేదని వాల్యూమ్ పెంచొద్దు. తర్వాత 'టైమ్' పాటలో గడియారాలన్నీ ఒక్కసారిగా మోగుతాయి, హెడ్‌ఫోన్స్‌లో చెవులు అదిరిపోతాయి.