కిలో బరువు కత్తి

పోయిన ఆదివారం నెల్లూరు నుంచి బాబాయి వస్తే చెన్నై ఎగ్మూరు మ్యూజియంకి తీసుకెళ్లాను. తంజావూరు కోట నుంచి వచ్చిన కటార్ల ముందు నేను ఆగిపోయాను. "ఇవన్నీ మగాళ్లకేలే తల్లీ. రుద్రమదేవి కత్తి పట్టిందంటే ఏదో గొప్ప కోసం చెప్పుకోవడమే. ఆ బరువు ఆడవాళ్లు మోయగలరా?" అన్నారు బాబాయి.

నాకు చాలా బాధేసింది. మూడేళ్లుగా పొద్దున్నే లేచి కర్రసాము నేర్చుకుంటున్నాను మరి. 1289 నాటి చందుపట్ల శాసనం రుద్రమతో పాటు ఆమె సేనాని మల్లికార్జున నాయకుడి మరణాన్నీ చెబుతోందని, అంటే ఆమె యుద్ధంలోనే పోయి ఉంటుందని గుర్తుచేశాను. ఆయన తల ఊపి ఊరుకున్నారు.

ఇంటికొచ్చాక మా మాస్టారు ఇచ్చిన తల్వార్‌ని లగేజీ కాటాకి తగిలించాను. కిలో నూట యాభై గ్రాములు. పాత తల్వార్లూ ఇంచుమించు అంతే. మా వీధికి నీళ్ల లారీ వస్తే ఆడవాళ్లు చంకన పెట్టుకుని మూడో అంతస్తుకి ఎక్కించే బిందె 15 కిలోలుంటుంది. తర్వాత కత్తిని బాబాయి చేతికిచ్చాను. పిడి ఇరుకు, ఆయన చిటికెన వేలు కింది బిళ్లకి ఒత్తుకుపోయింది. నా నాలుగు వేళ్లూ అందులో చక్కగా ఇమిడిపోతాయి.

కవచం సంగతీ అంతే. గొలుసు కవచం 10 కిలోల పైమాటే. జిమ్‌లో అంత బరువున్న జాకెట్ వేసుకుని కర్ర తిప్పి చూశాను. మొదటిరోజు భుజాలు పడిపోయాయి. నడుముకి బెల్టు బిగించాక సగం బరువు తుంటి మీదకి దిగింది, అరగంట తిప్పగలిగాను.

విల్లు దగ్గర మాత్రం తేడా ఉంది, అది ఒప్పుకోవాలి. 1545లో మునిగిన ఇంగ్లండు ఓడ మేరీ రోజ్‌లో దొరికిన విల్లుల్లో చాలావాటిని లాగడానికి 100 పౌన్ల పైనే బలం కావాలి. సగటున మగవాళ్ల భుజబలం ఎక్కువ కాబట్టి అక్కడ వాళ్లది పైచెయ్యి. కానీ వాళ్లూ చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి సాధన చేస్తేనే ఆ విల్లు వంగేది.

ఆ ఏళ్లే మన పిల్లలకి దొరకడం లేదు. మా బ్యాచ్‌లో పన్నెండేళ్ల లోపు వాళ్లలో సగం మంది ఆడపిల్లలే. పెద్దమనిషి అయ్యాక కొనసాగుతున్నది ఇద్దరు. మొన్న ఒకమ్మాయి వాళ్ల అమ్మ వచ్చి, "ఇంక పంపనండీ" అని కర్ర ఇచ్చేసి వెళ్లింది. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. నువ్వుల నూనె రాసి, తలుపు వెనక నిలబెట్టాను.