జయపురంలో ఆ చలికాలం జ్వరం

మొన్న మార్గశిర గురువారం పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని అని) వాళ్లింటికి కొత్త బియ్యం ఇచ్చిరావడానికి వెళ్తే, గుమ్మంలోనే వాళ్ల కోడలు ఒక మాట అంది. "అన్నయ్యా, ఆ ఏడు చలికాలం మీకొచ్చిన జ్వరం కరోనాయే అయ్యుంటుంది. మామయ్యగారికి అంటుకుంది కూడా అదేనేమో." కోపంగా ఏం అనలేదు, మామూలుగానే అంది. పార్వతీపురం అమ్మాయి, తెలుగులోనే అంది. అక్కడే కూర్చుని తడి బియ్యప్పిండితో ఝోటి ముగ్గు వేస్తున్న మావుసికి అది ఎంత అర్థమైందో తెలియదు. బియ్యం సంచి అరుగు మీద పెట్టి, మిల్లులో పని ఉందని చెప్పి వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత కూడా పట్టడం లేదు.

మాది పాలకొల్లు దగ్గర ఊరు. ఇక్కడ జయపురంలో, కొరాపుట్ జిల్లాలో, రైస్ మిల్లు ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. మా మిల్లులో మెషిన్ల దగ్గర పనిచేసేవాళ్లు ఎక్కువమంది మన గోదావరి వైపు వాళ్లే, షావుకారుదీ తెలుగే. బజారులో ఎక్కడ చూసినా తెలుగు వినిపిస్తుంది. అందుకే పరాయి రాష్ట్రంలో ఉన్నామని చాలా రోజులు అనిపించదు, ఒంట్లో బాగోలేనప్పుడే అనిపిస్తుంది.

2019 డిసెంబర్ 12, ఒడియావాళ్ల లెక్కలో మార్గశిరం ఆఖరి గురువారం. తేదీ ఎందుకు గుర్తుందంటే ఆ రోజు మావుసి వాళ్లింట్లో మాణబసా అనే లక్ష్మీపూజ, నాకోసం పిఠాలు, అంటే పిండివంటలు, పంపితే ఒక్కటి కూడా తినలేకపోయాను. ధాన్యం సీజన్, మిల్లు పగలూ రాత్రీ తిరుగుతోంది, నేను అప్పటికే నాలుగు రాత్రులు వరసగా డ్రయ్యర్ దగ్గర ఉన్నాను. లోపల బాయిలర్ వేడి, బయటికొస్తే జయపురం మంచు, మధ్యలో ఊక దుమ్ము. ఆ సాయంత్రం వెన్నులోంచి వణుకు మొదలై మూడు దుప్పట్లు కప్పుకున్నా ఆగలేదు. పదకొండు రోజులు మంచం మీదే. పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. బజారులో డాక్టరు ఛాతీలో నెమ్ము ఉందని, వైరల్ అని చెప్పి, యాంటీబయాటిక్ రాసిచ్చాడు. అంతకుమించి అడగడానికి అప్పుడు ఎవరికి మాత్రం ఏం తెలుసు.

మా గదికీ మావుసి వాళ్ల పెరటికీ మధ్య ఒక్క గోడే. రెండో రోజున ఆవిడే వచ్చి తలుపు తట్టింది. ఆ పదకొండు రోజులూ పొద్దున్నే మాండియా జావు, అంటే మన చోడి జావే, సాయంత్రం అన్నం గంజి. "ఖాఇలు కి బాబు?", తిన్నావా బాబూ అంటూ వచ్చి, నేను తాగేదాకా మంచం పక్కనే కూర్చునేది. ఆవిడ రాలేని పూట మావుసా, అంటే ఆవిడ భర్త, వచ్చేవారు. డెబ్బై రెండేళ్ల మనిషి, బీడీ మానలేకపోయిన మనిషి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవారు. నేను దగ్గుతుంటే నీళ్ల గ్లాసు పట్టుకుని నా ముఖానికి జానెడు దూరంలో ఉండేవారు.

జనవరి మొదట్లో ఆయనకి దగ్గు పట్టుకుంది. 21న పోయారు. పదో రోజు కర్మ జరుగుతుండగా ఎవరో ఫోన్‌లో చూసి, కేరళలో చైనా నుంచి వచ్చిన విద్యార్థినికి కొత్త వైరస్ దొరికిందని చెప్పారు. దేశంలో మొదటి కేసు అదే, త్రిస్సూర్‌లో, జనవరి 30న. ఆ వేళ అక్కడున్న మాలో ఎవరూ ఆ వార్తని మావుసాతో కలిపి ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

మిల్లులో మాత్రం నాకొచ్చింది కరోనాయేనన్న మాట ఆ ఏడే పుట్టింది. లాక్‌డౌన్ వచ్చాక హమాలీలు గుర్తు చేసుకున్నారు: నవంబర్‌లో మిల్లుకి రంగు మారిన బియ్యం ఏరే కొత్త సార్టెక్స్ మెషిన్ వచ్చింది, చైనాది, పెట్టె మీద హెఫెయ్ అని ఊరి పేరు ఉంది, దాన్ని విప్పింది నేనే, లోపలి థర్మాకోల్ అంతా చేతులతో తీసింది నేనే. వాళ్లు భయపడి అన్నారు, నన్ను ఏదో అనాలని కాదు. కోడలి చెవిన పడింది కూడా ఇదే అయ్యుంటుంది.

దీని గురించి నేను ఎంత చదివానో చెప్పలేను. వుహాన్‌లో ఇప్పటిదాకా తెలిసిన మొదటి రోగులకి లక్షణాలు కనబడిందే 2019 డిసెంబర్‌లో. మా మెషిన్ అక్టోబర్‌లోనే ఓడెక్కింది. ప్లాస్టిక్ మీదా స్టీలు మీదా ఈ వైరస్ మూడు రోజుల దాకా కనిపిస్తుందని, అట్టపెట్టె మీద ఒక్క రోజేనని 2020లోనే పరీక్షించి చెప్పారు. మాది వారాల తరబడి సముద్రం మీద వచ్చిన పెట్టె. మెషిన్ బిగించడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరుకి ఏమీ కాలేదు. కాబట్టి పెట్టె సంగతి నా మనసులోంచి పోయింది. ఇంకో లెక్క కూడా ఉంది. 2020 మే, జూన్ నెలల్లో కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ దేశమంతా రక్తాలు పరీక్షిస్తే, అప్పటికి వైరస్ సోకిన పెద్దవాళ్లు 0.73 శాతమే అని తేలింది. అంటే నూటికి ఒక్కరు కూడా కాదు. మేలోనే అలా ఉంటే, అంతకు అయిదు నెలల ముందు, కొండల మధ్య ఉన్న జయపురంలో ఒక రైస్ మిల్లు ఆపరేటర్‌కి ఎలా వస్తుంది?

ఇక్కడితో ఆగిపోవచ్చు కదా అని నాకే అనిపిస్తుంది. కానీ ఫ్రాన్స్‌లో 2019 డిసెంబర్ 27న తీసిన ఒక రోగి నమూనాని నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే అందులో వైరస్ బయటపడిందని చదివాను. ఆయన చైనా వెళ్లినవాడు కాదు. అది చదివినప్పటి నుంచి నా లెక్కలన్నీ మళ్లీ మొదటికొచ్చాయి. పైగా వాసన. మిల్లులో పనిచేసేవాడి ముక్కులో ఉప్పుడు బియ్యం ఉడికే వాసన ఎప్పుడూ ఉంటుంది, బట్టలకి కూడా అంటుకుంటుంది. జ్వరం తగ్గి పనిలోకి వచ్చిన రోజు నాకది తెలియలేదు. తవుడు పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా తెలియలేదు. 2021 మేలో నాకు టెస్ట్ చేసి మరీ కరోనా అని తేల్చినప్పుడు కూడా సరిగ్గా ఇలాగే వాసన పోయింది.

డాక్టర్ని అడిగాను. మామూలు జలుబు వైరస్‌లకీ ఫ్లూకీ కూడా వాసన పోతుందన్నాడు. యాంటీబాడీ టెస్ట్ చేయించుకుంటానంటే వద్దన్నాడు. టీకా వేయించుకున్నావు, తర్వాత ఒకసారి కరోనా వచ్చింది, ఇప్పుడు రక్తంలో ఏం కనబడినా అది ఏనాటిదో ఎవరూ చెప్పలేరు అన్నాడు. అంటే నాకు జవాబు ఉన్న రోజు ఏదైనా ఉంటే అది 2020లోనే దాటిపోయింది. ఆయన మామూలుగానే చెప్పాడు కానీ నాకు అక్కడే కూర్చుండిపోవాలనిపించింది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. 2020 జూన్‌లో సుంకి ఘాట్ దిగి, సాలూరు మీదుగా ఎలాగో మా ఊరు చేరితే, అన్నయ్య నన్ను ఇంట్లోకి రానివ్వలేదు. చేను దగ్గర పాకలో 14 రోజులు ఉన్నాను. వదిన క్యారేజీ గట్టు మీద పెట్టి, నేను కనబడకముందే వెళ్లిపోయేది. అమ్మని చూడ్డానికి వెళ్తే కిటికీలోంచే మాట్లాడింది. ఆ పాకలో పడుకుని రోజూ అనుకునేవాడిని, సొంత వాళ్లు ఇలా, పరాయి ఊళ్లో మావుసి అలా అని. చాలామందితో ఇదే చెప్పాను కూడా.

అది తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. నాకు ఏ జబ్బూ లేదని తేలే వరకు అన్నయ్య ఆగాడు, ఎందుకంటే ఇంట్లో షుగర్ ఉన్న అమ్మ ఉంది, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. మావుసికి డిసెంబర్‌లో భయపడాలని చెప్పినవాళ్లు లేరు. చెప్పి ఉంటే వచ్చేదా రాదా? వచ్చేదనే అనుకుంటాను, కానీ రాకపోయినా బాగుండేది. గోడ అవతలి నుంచి జావు గిన్నె పెట్టి వెళ్లిపోయినా బాగుండేది. మావుసాని ఆపి ఉన్నా బాగుండేది. మా అన్నయ్య మీద అన్నేళ్లు కోపం పెట్టుకున్నాను, వాడు చేసిన పనే ఇక్కడ ఎవరైనా చేసి ఉంటే నాకు ఇవాళ ఈ టెన్షన్ ఉండేది కాదు. మొన్న ఫోన్ చేసి వాడికి ఆ మాట చెప్పాను. "ఇప్పుడెందుకురా అవన్నీ, అన్నం తిన్నావా" అన్నాడు.

తర్వాతి గురువారం మళ్లీ వెళ్లాను. కోడలు బజారుకి వెళ్లింది, మావుసి ఒక్కతే ఉంది. నాకొచ్చిన ఒడియాలో అడిగేశాను, మావుసాకి నా జ్వరమే అంటుకుందా అని. ఆవిడ చేతిలో చేట పక్కన పెట్టి నా వైపు చూసింది. ఆయన దగ్గు కార్తీకం నుంచే ఉంది బాబు, నీకు జ్వరం రాకముందే, అంది. కార్తీక పున్నమి రోజు తెల్లవారుజామున జగన్నాథ సాగర్ చెరువుకి పడవలు వదలడానికి వెళ్లాం కదా, అప్పుడే దగ్గుతున్నాడు, నువ్వు కూడా ఉన్నావు, అంది. అని మళ్లీ చేట అందుకుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది.

నిజంగా అలా జరిగిందో, నా కోసం అలా అందో తెలియలేదు. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. నేను బాధపడుతుంటే చూస్తూ ఊరుకునే మనిషీ కాదు.

గదికి వచ్చి పాత ఫోన్ వెతికి ఛార్జింగ్ పెట్టాను. 2019 నవంబర్ 12, పున్నమి తెల్లవారుజామున తీసిన ఫోటోలు మూడు ఉన్నాయి. రెండింట్లో అరటి దొప్పల పడవలు, దీపాలు, నీళ్లు. మూడోదాంట్లో మెట్ల మీద మావుసా నిలబడి ఉన్నారు, మెడకి మఫ్లర్ చుట్టుకుని. ఎడమ చేత్తో తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఫోటో పెద్దది చేసి చాలాసేపు చూశాను. చలికి పెట్టుకున్నారో, దగ్గు వచ్చి పెట్టుకున్నారో ఎంత చూసినా తెలియడం లేదు.