విల్ బి పెయిడ్ ఎప్పుడు వుడ్ బి పెయిడ్ అవుతుంది

తెలుగులో ఒకరి మాట ఇంకొకరికి చెప్పడానికి "అని" ఒక్కటి చాలు, "రేపు డబ్బులు ఇచ్చేస్తారు అని చెప్పాడు" అంటాం, లోపల మాట ఏమీ మారదు. ఇంగ్లీష్ అలా ఊరుకోదు. "ద మనీ విల్ బి పెయిడ్" అన్నది "హి సెడ్ ద మనీ వుడ్ బి పెయిడ్" అయిపోతుంది, క్యాన్ బి ఉంటే కుడ్ బి, మే బి ఉంటే మైట్ బి, కానీ ఆ బి పెయిడ్ మాత్రం కదలదు చూడండి. షుడ్ బి అసలు మారదు.

నాకు బాగా నచ్చేది ఇన్సిస్ట్ తర్వాత వచ్చేది. అమెరికా వాళ్ళు "దే ఇన్సిస్టెడ్ దట్ ద బిల్ బి పెయిడ్" అని షుడ్ లేకుండానే రాస్తారు. నేను అది తప్పనుకుని ఒక మెయిల్‌లో వాజ్ పెయిడ్ అని దిద్దేశాను, దాంతో బిల్లు కట్టాల్సిందే అన్నది కాస్తా కట్టేశాం అని వాదిస్తున్నట్టు అయిపోయింది.