వలస కూలీల సైట్ నుంచి అనలిటిక్స్ తీసేశాం: నా అనుభవం

మహబూబ్‌నగర్‌లో వలస కూలీల కోసం పనిచేసే ఒక చిన్న సంఘానికి నేను వెబ్‌సైట్ చూసుకుంటాను. పాలమూరు లేబర్ అంటే ముంబై, పుణె దాకా తెలుసు. అడ్వాన్స్ ఇచ్చిన మేస్త్రీ కదలనివ్వకపోతే ఏం చేయాలి, 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద విముక్తి పత్రం ఎలా వస్తుంది, కూలి ఎగ్గొడితే ఎవరికి ఫిర్యాదు చేయాలి... మా సైట్‌లో ఉండేవి ఇవే.

కోస్గి వైపు నుంచి ఆఫీసుకు వచ్చిన ఒక అక్క వాటిలో ఒక పేజీ ఫోన్‌లో చూపించి, "ఇది నేను చూసినట్టు ఎవరికన్న తెలుస్తదా సార్?" అని అడిగింది. తెలియదులే అని ఊరికే అనడానికి నోరు రాలేదు. కనుక్కుని చెప్తానన్నాను.

సైట్‌లో గూగుల్ అనలిటిక్స్ ఉంది, అంటే సైట్‌కు వచ్చినవాళ్లు ఏ పేజీలు చూశారో లెక్కగట్టే సాధనం. మొదట్లో సైట్ తయారుచేసినతను పెట్టాడు, ఉచితం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, ఎఫ్12 నొక్కితే పేజీ వెనకాల ఏం జరుగుతోందో కనిపిస్తుంది. అందులో నెట్‌వర్క్ ట్యాబ్‌లో, అనలిటిక్స్ పంపే సమాచారం దొరికే "కలెక్ట్" అనే మాట వెతికాను. పేజీ తెరవగానే గూగుల్‌కు సమాచారం వెళ్తోంది. పేజీ అడ్రస్, పేజీ శీర్షిక, స్క్రీన్ సైజు, భాష, వాటితోపాటు ఆ బ్రౌజర్‌కు కేటాయించిన పొడవాటి నంబరు. ఆ నంబరు కుకీ అనే చిన్న ఫైలుగా బ్రౌజర్‌లో ఉంటుంది, దానికి అనలిటిక్స్ మామూలుగా పెట్టే గడువు రెండేళ్లు. పేరు వెళ్లదు, నిజమే. కొత్త వెర్షన్‌లో ఐపీ అడ్రస్ (నెట్‌లో ఆ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) భద్రపరచబోమని కూడా గూగుల్ చెబుతోంది. కానీ "మేస్త్రీ కదలనివ్వకపోతే" అనే మా శీర్షిక అక్షరం పొల్లుపోకుండా వెళ్తోంది. మర్నాడు అదే ఫోన్‌లో విముక్తి పత్రం పేజీ తెరిస్తే రెండూ ఒకే నంబరు కింద చేరతాయి. చీరల దుకాణం సైట్‌కు ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. భయపడుతూ చదివే మనిషి విషయంలో మాత్రం ఇది నాకు అస్సలు నచ్చలేదు.

కోడ్ తీసేయడం రెండు నిమిషాల పని. పాత డేటాతోనే తిప్పలు. ఖాతా హైదరాబాద్ వెళ్లిపోయిన ఆ డిజైనర్ జీమెయిల్ మీద ఉంది. ఫోన్ చేస్తే పాపం వెంటనే అడ్మిన్ హక్కు ఇచ్చాడు. ప్రాపర్టీ (అనలిటిక్స్‌లో మా సైట్ డేటా ఉండే చోటు) డిలీట్ చేస్తే ముందు ట్రాష్‌లోకి వెళ్తుంది, 35 రోజుల తర్వాతే పూర్తిగా పోతుంది.

మళ్లీ ఎఫ్12 చూస్తే గూగుల్‌కు సమాచారం వెళ్లే ఇంకో రెండు దారులు తెరిచే ఉన్నాయి. పేజీలో అతికించిన యూట్యూబ్ వీడియో తీసేసి ఉత్త లింక్ పెట్టాను. తెలుగు ఫాంట్ గూగుల్ సర్వర్ నుంచి వస్తోంది, దాన్ని మా సర్వర్‌లోకే తెచ్చుకున్నాం. ఫాంట్ కోసం చూసేవాళ్ల ఐపీ అడ్రస్‌ను వాళ్ల అనుమతి లేకుండా గూగుల్‌కు పంపడం తప్పని 2022 జనవరిలో జర్మనీలోని మ్యూనిక్ కోర్టు తీర్పిచ్చింది కూడా.

"మరి నిధులిచ్చేటోళ్లకు లెక్క ఏం చూపెట్టాలె తమ్మీ?" అన్నాడు మా కార్యదర్శి. న్యాయమైన ప్రశ్నే. మా సైట్ ఉండే సర్వర్ కంట్రోల్ ప్యానెల్‌లోనే ఏడబ్ల్యూస్టాట్స్ అనే లెక్కల సాధనం ఉంది. సర్వర్ ఎలాగూ రాసుకునే లాగ్ (వచ్చిన ప్రతి సందర్శన చిట్టా) నుంచే అది లెక్క కడుతుంది, బయటికి ఏదీ పోదు. ఆ లాగ్‌లోనూ ఐపీ అడ్రస్‌లు ఉంటాయి. అందుకే నెలాఖరున పాత లాగ్‌లు చెరిగిపోయే సెట్టింగ్ పెట్టాను. బాట్‌లు (మనుషులు కాకుండా సైట్లు తిరిగే ప్రోగ్రామ్‌లు) కొన్ని కలవడం వల్ల అంకె కొంచెం పెద్దదిగా కనిపిస్తుంది. ఎవరు ఏ పేజీ నుంచి ఏ పేజీకి వెళ్లారో ఇప్పుడు మాకు సరిగ్గా తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదని నా గట్టి అభిప్రాయం.

అక్కకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను: మేం బయటికి ఏదీ పంపడం లేదు, కానీ ఫోన్ హిస్టరీలో పేజీ కనిపిస్తుంది, నెట్ కంపెనీకి సైట్ పేరు తెలుస్తుంది. చాలా ఇళ్లలో ఒకే ఫోన్ నలుగురి చేతుల్లో తిరుగుతుంది. కాబట్టి హిస్టరీ ఎలా చెరపాలో ప్రతి పేజీ పైన పెద్ద అక్షరాలతో పెట్టాం.

ఈసారి నిధుల నివేదికలో ఏ పేజీని ఎన్నిసార్లు తెరిచారో మాత్రమే ఇచ్చాం. చూసేవారి వయసు, ఆసక్తులు అడిగిన గడులు ఖాళీగా వదిలి, కారణం కింద రాశాం. వాళ్లు అలాగే తీసుకున్నారు.