చుంచెలుక ఎలుక కాదు

హంటావైరస్ అంటే ఎలుకల జబ్బేనని చాలాకాలం అనుకున్నాను. ఆ వంశానికి పేరిచ్చిన హంటాన్ వైరస్ కొరియాలో పొలం ఎలుక ఊపిరితిత్తుల్లో బయటపడింది 1976లో. కానీ 1964లోనే వేలూరు దగ్గర పట్టిన చుంచెలుకలో తొట్టపాళయం వైరస్ అనే మరో హంటావైరస్ దొరికింది. చుంచెలుక పేరుకే ఎలుక, అసలు పురుగులు తినే వేరే వంశం!

నిన్న రాత్రి జంతువుల వంశవృక్షం, వైరస్‌ల వంశవృక్షం పక్కపక్కన పెట్టి, ఏ వైరస్ ఏ జంతువులో ఉంటుందో పెన్సిల్‌తో గీతలు కలిపాను. కొన్ని తిన్నగా వచ్చాయి. కొన్ని అడ్డదిడ్డంగా పోయాయి, మధ్యలో పెన్సిల్ ముల్లు కూడా విరిగింది. ఆ అడ్డగీతల్లో చాలావాటికి కారణం వైరస్ ఇల్లు మారడమే, అంటే ఒక జాతి జంతువు నుంచి మరో జాతికి దూకడమే. దీని జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు తప్పులు దిద్దే ఏర్పాటు లేదు, అందుకే వైరస్ మారుతూ ఉంటుంది. పైగా ఆ జన్యు పదార్థం మూడు ముక్కలు. రెండు దగ్గరి రకాలు ఒకే కణంలో చేరితే వాటి ముక్కలు పేకముక్కల్లా కలిసిపోవచ్చు.